అన్యలోకపు బలవంతులు

బలవంతుల కథలు వినుటకు ఎల్లవారికిని వేడుకయే. వేసవి రాత్రులందు ఆరుబయట మంచములు వేసికొని మన అమ్మమ్మలు చెప్పిన కథలలో సగము రాక్షసుల కథలే గదా! నేడు మన పిల్లలు టెలివిజను తెఱముందు కూర్చుండి చూచు కథలలో రాక్షసులకు మాఱుగా నక్షత్రలోకములనుండి వచ్చిన అన్యలోకవాసులు కనబడుచున్నారు. పేర్లు వేఱు, వేషములు వేఱు. కాని అంతటి బలవంతుని కథలోనికి దెచ్చినవానికి కలుగు చిక్కు మాత్రము ఆనాడును ఈనాడును ఒక్కటియే.

మా యింట నీ కథలు ప్రవేశించి మూడేండ్లయినది. మావారు బడిపంతులు. సెలవుదినములందు పిల్లలతోగూడి అమెరికా, ఇంగ్లాండు దేశములలో తీయబడిన యీ సైన్సు కల్పనాకథలను చూచుచుందురు. తొలుత మేము వంటయింటినుండియే ఆ చప్పుళ్లు విని విసుగుకొనెడివారము. మా తండ్రిగారు మమ్ము బడికి బంపక యింటనే భారత భాగవతములును, కొన్ని కావ్యములును చదివించిరి. ఇంగ్లీషు మాకు తరువాత వచ్చినది, అదియు కొద్దిగా. ఒకనాడు మావారు "ఇది నీ పురాణములలోని చిక్కే, వచ్చి చూడు" అని పిలిచిరి. అర్థము గాని చోట్ల వారు చెప్పుచుండగా చూచితిమి. నాటినుండి మేమును వారి ప్రక్కనే కూర్చుండుచున్నాము. ఇవి మగపిల్లల యాటవస్తువు లనుకొని మనము దూరముగ నుండుట పొరపాటని మాకు తోచినది. అట్లు తోచుటకు కారణమును చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ చిక్కు ఏమనగా: అన్యలోకవాసి మనకంటె వేయిరెట్లు బలవంతుడైనచో, వాడు తలచిన క్షణముననే మానవులు బూడిద యగుదురు, కథ మొదటి ఘడియలోనే ముగిసిపోవును. వాడు మనతో సమానుడే యైనచో వెఱపు పుట్టదు. వెఱపు లేనిదే వినువానికి శ్రద్ధ పుట్టదు. కావున బలమును చూపవలయును, ఆ బలమును ఏదో యొకటి కట్టియు నుంచవలయును. ఆ కట్టు ఏదియో చూచిననే కథకుని బుద్ధి యెట్టిదో తెలిసిపోవును. మన పౌరాణికు లీ సంగతి చక్కగా నెఱిగినవారు. హిరణ్యకశిపుడు పగలుగాని రాత్రిగాని, ఇంటగాని బయటగాని, నరునిచేతగాని మృగముచేతగాని చావు లేకుండ వరము గోరెను. రావణుడు దేవదానవుల నందఱిని చెప్పి, నరవానరులను లెక్కసేయక విడిచెను. ఆ విడిచిన సందులోనుండియే ఒకనికి నరసింహుడును, ఒకనికి శ్రీరాముడును ఎదురు వచ్చిరి.

మేము చూచిన కథలలో నీ కట్టు మూడు విధములుగ నున్నది. బలవంతుని స్వభావములోనే యొక లోపము నుంచుట మొదటిది. వానిపై నొక పెద్దదిక్కును నిలుపుట రెండవది. వాని మనస్సే వానిని పట్టియుంచుట మూడవది. మూడింటికిని మంచి యుదాహరణములు గలవు.

మొదటిదానికి ఇంగ్లాండు దేశపు "డాక్టర్ హూ" అను ధారావాహిక చక్కని నిదర్శనము. ఇది 1963 నవంబరు 23వ తేదీన బి.బి.సి. వారిచే ప్రారంభింపబడినది. దీని తొలి నిర్మాత వెరిటీ లాంబర్టు అను యువతి; నాటి కామెకు 28 ఏండ్లైనను నిండలేదు. ఆ డిసెంబరులోనే డాలెకులు అను జీవులు తెఱపై కనబడిరి. వీరు టెర్రీ నేషన్ అను రచయిత సృష్టి. లోహపు తొడుగులలో దాగియుండి, పరులయెడ ద్వేషము తప్ప వేఱొక భావము నెఱుగరు. వారి ఆయుధమునకు ఎదురు లేదు. కాని ఆ తొలి కథలో వారికి కదలుటకు వలసిన విద్యుత్తు తమ నగరపు లోహపు నేలనుండియే యందుచుండెను. ఆ నేలను విడచినచో కదలలేరు. క్రిందనున్న చక్రముల వలన వీరు మెట్లెక్కలేరను పరిహాసము కూడ చాలకాలము చెల్లినది. 1988లో నొక డాలెకు గాలిలో తేలుచు మెట్లమీదుగ నెక్కివచ్చుటతో ఆ నవ్వు ఆగిపోయినది.

అదే ధారావాహికలో 2007 జూనులో వచ్చిన "బ్లింక్" అను కథ యింతకంటె నేర్పుగలది. ఱెప్పపాటు అని దాని యర్థము. అందులోని బలవంతులు రాతి దేవతలు. ఎవరైన చూచుచున్నంతసేపు వారు కదలని శిలలు. చూపు మఱలినంతనే, ఱెప్ప వాల్చినంతనే మెఱపువలె మీదికి వత్తురు. వారు తాకినవారు చచ్చిపోరు. గడచిన కాలములోనికి త్రోయబడి, అక్కడనే బ్రదికి ముసలివారగుదురు. వారిక్కడ జీవింపవలసిన దినములే ఆ శిలలకు ఆహారము. తమలో తాము చూచుకొన్నను శిలలగుదురు గావున చేతులతో కన్నులు మూసికొని యుందురు. చూచువారికి ఏడ్చుచున్నట్లు కనబడుదురు. తుదకు నలుగురు శిలాదేవతలు ఒక పెట్టెను చుట్టి నిలువగా, ఆ పెట్టె మాయమై, ఒకరి మొగ మొకరు చూచుకొని శాశ్వతముగ రాయియై నిలిచిపోయిరి. మా పిల్లవాడు "భస్మాసురుడే!" అని కేక వేసినాడు. వాని కాకథ చెప్పినది మేమే గావున మాకు కొంచెము గర్వము కూడ కలిగినది.

అయితే ఈ మొదటి కట్టులో నొక కొఱత గలదు. లోపమెఱిగిన శత్రువు రెండవమాఱు వచ్చినప్పుడు సగము వెఱపు పోవును. పదవమాఱు వచ్చునప్పటికి చుట్టమువలె నగును. "స్టార్ ట్రెక్" కథలలోని బోర్గుల గతి యిట్లే యయ్యెను. 1989 మేనెలలో వారు తొలిసారి కనబడినప్పుడు నిజముగనే భయము గొల్పిరి. వారికి పేర్లు లేవు, కోపము లేదు, బేరము లేదు. కోట్లకొలది దేహములలో నొక్కటే మనస్సు. ఎదురైన జాతి నెల్ల యంత్రములతో గలిపి తమలో చేర్చుకొందురు. 1990లో వచ్చిన కథలో ఒక్క బోర్గు నౌక 39 మానవనౌకలను నాశనము చేసినది. తుదకు వారిని నిద్రపుచ్చు ఆజ్ఞను వారి మనస్సులోనికే పంపి గెలువవలసివచ్చెను. తరువాత 1995 మొదలు 2001 వఱకు నడచిన "వాయేజర్" అను ధారావాహికలో, దారి తప్పిన ఒంటరి నౌక యొకటి వారిని మాటిమాటికి తప్పించుకొనుచునే వచ్చినది. బోర్గులు బలహీనులు కాలేదు. కథకులే వారిని తఱచుగ బిలిచి చులకన చేసిరి. ఇంటి పెద్ద దినమునకు పదిసార్లు గద్దించిన గద్దింపునకు విలువ యుండదు గదా!

ఇక బలమునకు ఏ కట్టును లేక, చిరునవ్వు మాత్రమే యున్నచో నేమగునో "ట్విలైట్ జోన్" అను అమెరికా ధారావాహికలో 1962 మార్చి 2వ తేదీన వచ్చిన కథ చెప్పుచున్నది. కానమిట్లు అను 9 అడుగుల పొడవు గల జీవులు భూమికి దిగి వచ్చిరి. వచ్చి కఱవును మాన్పిరి, యుద్ధముల నాపిరి. వారు విడచిన యొక గ్రంథమును మన పండితులు చదువబూనగా మొదట పేరు మాత్రమే తెలిసినది. ఆ పేరులోని ఇంగ్లీషు మాటకు సేవ చేయుట యనియు, వడ్డించుట యనియు రెండర్థములు గలవు. మన భాషలో "సేవనము" అను మాట యిట్టిదే: గురుసేవనమన్నను అదే మాట, ఔషధసేవనమన్నను అదే మాట. "మానవసేవనము" అని యున్నదిగదా, వీరెంతటి పరోపకారులని జనులు నమ్మి, వారి నౌకలెక్కి వారి లోకమునకు విహారయాత్రలకు బోవసాగిరి. ఆ పండితుని సహాయకురాలైన యొక స్త్రీ మాత్రము మిగిలిన పుటలను విడువక పరిశ్రమించి చదివినది. ఆమె పరుగెత్తుకొనివచ్చి అది వంటల పుస్తకమని కేక వేయునప్పటికి పండితుడు నౌక నెక్కుచుండెను, పిమ్మట తలుపు మూయబడెను.

కథ చిన్నదైనను అందలి నీతి చిన్నది కాదు. ఇచ్చుచున్నాడు గావున మంచివాడనుట చాలదు. ఇచ్చినవానిని ప్రశ్నించు హక్కు పుచ్చుకొన్నవారికి ఉన్నదా యని చూడవలయును. కానమిట్లను ప్రశ్నించువా రెవ్వరును లేరైరి; కఱవు తీఱిన సంతోషములో ప్రశ్నలే మఱచిరి.

రెండవ కట్టు, అనగా పెద్దదిక్కు, తొలి "స్టార్ ట్రెక్" ధారావాహికలో విశేషముగ గానవచ్చును. జీన్ రాడెన్‌బెరీ సృష్టించిన యీ ధారావాహిక 1966 సెప్టెంబరు 8వ తేదీన మొదలై 1969 వఱకు 79 కథలుగా నడచినది. ఇందులో రెండవవారమున వచ్చిన "చార్లీ ఎక్స్" అను కథకు సంభాషణలు వ్రాసినది డొరొతీ ఫాంటానా అను విదుషి. పేరులోని తొలి యక్షరములను మాత్రమే వాడి, డి. సి. ఫాంటానా అను పేరుతో ప్రసిద్ధి గాంచినది. పసితనముననే నౌక కూలి, ఒంటరిగా మిగిలిన మానవబాలుని థేసియనులు అను అశరీరులు కాపాడిరి. వాడు బ్రదుకుటకై తమ శక్తిని వానికిచ్చిరి. 17 ఏండ్ల ప్రాయమున వాడు మనుష్యుల నడుమకు వచ్చెను. తలచినంతనే వస్తువులను, మనుష్యులను మాయము చేయగలడు. కాని "వద్దు" అను మాటను సహింపలేడు. తాను వలచిన యువతి కాదన్నంతనే ఆమెను మాయము చేసినాడు. నవ్వినవారి మొగములను తుడిచివేసినాడు. తుదకు థేసియనులే వచ్చి, చెఱచినదానిలో తమకు సాధ్యమైనంత చక్కబఱచి, వానిని తమతో గొనిపోయిరి. వాడు మాత్రము తనను పంపవద్దని, వారు తాకుటయైనను ఎఱుగని వారని, వెక్కివెక్కి యేడ్చినాడు.

ఈ కథ చూచినప్పుడు మాకు వానిమీద కోపముకంటె జాలి యెక్కువ కలిగినది. వానికి బలమిచ్చిరి, పెంపకమీయలేదు. ఎత్తుకొని తిరిగినవారు లేరు. అన్నము కలిపి పెట్టినవారు లేరు. ఒక్కటి అడిగినప్పుడు "రేపిచ్చెదను" అని చెప్పి రేపటిదాక ఓర్చుట నేర్పినవారు లేరు. పెంపకమనునది అన్నమును బట్టయును మాత్రమే యనుకొనువా రీ కథ చూడవలయును.

1967 జనవరిలో వచ్చిన "ది స్క్వైర్ ఆఫ్ గోథోస్" అను కథ దీనికి చెల్లెలు వంటిది, కాని నవ్వించును. ట్రెలేను అనువా డొక జమీందారువలె వేషము వేసికొని, కెప్టెను కిర్కును, వాని సహచరులను తన మేడకు దెప్పించుకొని విందు చేయును. దూరమునుండి భూలోకమును చూచి మర్యాదలన్నియు నేర్చినానని వాని గర్వము. తీరా చూడగా వాడు చూచినది 900 ఏండ్లనాటి భూలోకపు వెలుతురు. పొయ్యిలో నిప్పున్నది, వేడి లేదు. పళ్లెములో భోజనమున్నది, రుచి లేదు. రూపము మాత్రమే నేర్చినాడు గాని సారము నెఱుగడు. గృహిణులమైన మనకు ఈ యొక్క గుర్తు చాలును, వాని గుట్టు బయటపడుటకు! వాడు కిర్కును కత్తితో వేటాడుచుండగా ఆకాశమునుండి తల్లిదండ్రుల గొంతులు వినబడినవి. వాడింకను బాలుడే; ఆ మానవులు వాని యాటబొమ్మలు. పెంపుడు ప్రాణులను బాధించువాని కవి దక్కవని మందలించి వారు వానిని లోనికి పిలిచిరి. లోకములను త్రిప్పగలవాడు "ఇంకొంచెముసే పాడుకొనెదను" అని మారాము చేయుచు వెళ్లినాడు.

ఆ యేడే మార్చి 23న వచ్చిన కథలో పెద్దదిక్కు బాలునికి గాదు, మనకే వచ్చినది. ఆర్గేనియా అను గ్రహముమీద గొఱ్ఱెలు మేపుకొనువారివలె నుండు సాధువులు గలరు. వారి గ్రహముకొఱకు మానవులును, క్లింగనులు అను యుద్ధప్రియులును పోరాడుచుండిరి. కిర్కు వెళ్లి, ఆయుధములిచ్చెదము, తిరుగబడుడని యెంత చెప్పినను వారు వినరైరి. క్లింగనులు వందలకొలది జనులను చంపినట్లు ప్రకటించినను చలింపరైరి. వీరు పిఱికివారని కిర్కు మండిపడెను. తుదకు రెండు సేనలును కలియబోవు క్షణమున ఆయుధములన్నియు పట్టుకొన్న చేతులను కాల్చునట్లు వేడెక్కినవి. ఆ సాధువులు కేవల తేజోరూపులు. వారిలో నెవ్వరును చావనేలేదు. మీ యిరువురి పోరును మేము సాగనీయమనిరి. అప్పుడు కిర్కు, శత్రువుతో గొంతు కలిపి, యుద్ధము చేయుట మా హక్కని వాదించెను. వాదించుచు తానేమి యనుచున్నాడో తెలిసికొని సిగ్గుపడెను. వియత్నాములో లక్షలకొలది అమెరికా సైనికులు పోరాడుచున్న కాలమున ఆ దేశపు టెలివిజనులోనే యీ మాట వినబడినదని సోదరీమణులు జ్ఞాపకముంచుకొనవలయును. బలవంతుని అన్యలోకమునుండి తెచ్చుటలోని ప్రయోజన మిదియే. మనలో బలవంతులమనుకొనువారిని ఒక గంటసేపు బలహీనులుగా నిలువబెట్టి చూపవచ్చును.

కాని పెద్దలు పొరబడినచో నెట్లు? ఈ ప్రశ్నకు "బాబిలన్ 5" అను ధారావాహిక జవాబు వెదకినది. దీని తొలి చిత్రము 1993లోను, తరువాతి కథలు 1994 నుండి 1998 వఱకును వచ్చినవి. 110 కథలలో 92 కథలు జె. మైఖేల్ స్ట్రాజిన్‌స్కీ యొక్కడే వ్రాసెను. ఇందులో మిక్కిలి పురాతనమైన జాతులు రెండు. వోర్లనులు క్రమశిక్షణవలననే పిన్నజాతులు పెరుగునందురు. షాడోలు, అనగా నీడలు, కలహమువలననే పెరుగునందురు. పిన్నజాతులను సంరక్షించుటకే యిరువురును నిలిచినవారు. కాలము గడచినకొలది సంరక్షణము మఱుగుపడి, ఎవరి మాట నెగ్గునను పంతము మాత్రము మిగిలినది. ఎదుటివారి నీడ సోకిన గ్రహములను గ్రహములుగనే యిరుపక్షములవారు నాశనము చేయసాగిరి. 1997 ఫిబ్రవరిలో వచ్చిన కథలో మానవుడైన షెరిడనును, మిన్‌బారి జాతి స్త్రీయైన డెలెనును వారి యెదుట నిలిచి, మీ యిరువురిలో నెవ్వరిని ఎన్నుకొనము, మమ్ము మా దారిని విడచి వెళ్లుడని చెప్పిరి. తుపాకులచే గెలువలేదు. పెద్దలు తాము వచ్చిన పనిని మఱచిరని వారికే తెలియజెప్పి గెలిచిరి.

తల్లియొక విధముగను, తండ్రియొక విధముగను, లేదా అత్తగారొక విధముగను కోడలొక విధముగను పంతము పట్టి పిల్లలను నడుమ నుంచుకొని లాగు యిండ్లు మన మెఱుగనివి కావు. ఆ పంతములో పిల్లవాని మేలును తలచువా రెవ్వరు?

ఈ సందర్భముననే యొక నవ్వుల కథయు చెప్పవలయును. 1987లో "స్టార్ ట్రెక్" రెండవ ధారావాహిక ప్రారంభమైనప్పుడు క్యూ అను సర్వశక్తుడు న్యాయపీఠమెక్కి, మానవజాతి నంతయు ముద్దాయిగ నిలిపి విచారించెను. చిటికె వేసినచో నక్షత్రములు కదలును. అంతటి క్యూ 2001లో తన కుమారుని తాను దిద్దలేక, కాథరిన్ జేన్‌వే అను స్త్రీ కెప్టెను నొద్దకు దెచ్చి, వీనికి బుద్ధి నేర్పుమని విడచిపోయెను! మేము చాలసేపు నవ్వుకొంటిమి. నవ్వినపిమ్మట ఆలోచింపగా, లోకములను సృష్టించుటకంటె బిడ్డను పెంచుట కష్టమని ఆ కథకులు యొప్పుకొన్నట్లే తోచినది.

మూడవ కట్టు అన్నిటికంటె నుత్తమమైనది, అన్నిటికంటె కష్టమైనది. 1992లో వచ్చిన "ఐ, బోర్గ్" అను కథలో బోర్గులలోని యొక యువకుడు గాయపడి మానవులకు చిక్కినాడు. వాని మనస్సులో నొక విషమువంటి చిత్రమును నాటి వెనుకకు బంపినచో బోర్గుజాతి యంతయు నశించును. కెప్టెను పికార్డు వారిచే చెఱబడి, తనను తాను కోల్పోయి బయటపడినవాడు. వానికంటె పగపట్టుటకు కారణముగలవాడు లేడు. కాని నౌకలోనివా రాయువకునికి హ్యూ అని పేరు పెట్టిరి, పలుకరించిరి. ఎన్నడును "మేము" అనియే యనువాడు "నేను" అనుట నేర్చినాడు. పేరు పెట్టి పిలిచినవానిని ఆయుధముగ వాడుట యెట్లు? పికార్డు ఆ యుపాయమును విడచెను. ఆ ఘడియలో బలవంతుడు బోర్గు గాదు, మానవుడు. తన చేతికి వచ్చిన బలమును తానే కట్టుకొనెను.

దీనికి మాఱుమొగము 1989 అక్టోబరులో వచ్చిన "ది సర్వైవర్స్" అను కథ. మేము చూచినవానిలో మమ్ము మిక్కిలి కలచినది యిదియే. 11,000 మంది నివసించిన యొక గ్రహమును హస్నాకులు అను క్రూరులు కాల్చి బూడిద చేసిరి. ఆ బూడిద నడుమ ఒక్క యిల్లును, దాని చుట్టు పచ్చిక పట్టును మాత్రము చెడకుండ నిలిచినవి. అందులో కెవిను, రిషాను అను వృద్ధదంపతు లుండిరి. నిజమేమనగా, కెవిను మానవుడు కాడు. డౌడు అను అమరజాతివాడు, అనంతశక్తిగలవాడు. రిషానును ప్రేమించి, మనుష్యుడై, యేబదియేండ్లకు పైగా ఆమెతో కాపురము చేసెను. ఏ ప్రాణిని చంపనని వ్రతము బూనెను. శత్రువులు వచ్చినప్పుడు మాయలు పన్నియే తఱుమజూచెను గాని చేయి ఎత్తలేదు. రిషాను మాత్రము ఊరివారితో నిలిచి పోరాడి మరణించినది. ఆమె శవమును చూచిన క్షణమున వాని దుఃఖము కట్టు తెంచుకొన్నది. తలచుటయే చేసినాడు. ఎక్కడెక్కడనో యున్న హస్నాకులు, స్త్రీలు, బాలురు, 5,000 కోట్ల మంది, ఆ తలపుతోనే లేకపోయిరి.

తరువాత వాడు భార్యవంటి రూపమును, ఇంటిని కల్పించుకొని, చచ్చినదానితో బ్రదికినట్లు నటించుచు తనకు తానే శిక్ష విధించుకొని యుండెను. పికార్డు వానిని దండింపలేదు, మన్నింపను లేదు. అట్టి నేరమునకు తగిన శాసనము మాయొద్ద లేదని చెప్పి, వానిని వాని యింటనే విడచి వెళ్లెను. ఒక జీవితకాలము నిలిచిన వ్రతము ఒక్క ఘడియ నిలువకపోయినది. ఆ ఘడియయే లెక్కకు వచ్చినది.

ఈ కథ మమ్మెందుకు కలచెనో దాచక చెప్పెదము. అంతకు కొన్ని వారములకు ముందు మా తొమ్మిదేండ్ల కూతురు అటుకమీదనుండి ఆవకాయ జాడీని దించబోయి పగులగొట్టినది. అది మా అత్తగారి నాటి జాడీ. ఆ నూనె, ఆ పెంకులు చూచి మాకు తెలియని కోపము వచ్చినది. పిల్లను కొట్టితిమి, కొట్టుట చాలక వెనుకటి గదిలోనికి త్రోసి గడియ పెట్టితిమి. మేము కొట్టు తల్లులము కామని ఇరుగుపొరుగువారియొద్ద చెప్పుకొనెడివారము. గడియ తీసిన తరువాత అది యేడ్వలేదు, మాటాడలేదు. ఆ రాత్రి దీపము తీసినపిమ్మట తమ్మునితో, "అమ్మకు కోపము వచ్చినప్పుడు అమ్మ కాదురా, ఇంకెవరో" అని మెల్లగా చెప్పుచుండగా వింటిమి.

పసిబిడ్డ యెదుట మనమెవ్వరము? వానికంటె నాలుగింతల యెత్తు. అన్నము మనచేతిలో, తలుపు గడియ మనచేతిలో, చీకటి వెలుతురులు మనచేతిలో. మన భాష వానికి సగమే తెలియును. మన కోపమునకు కారణము బొత్తిగా తెలియదు. అన్యలోకపు బలవంతుడు మానవునకు ఎట్లో, పెద్దలు పిల్లల కట్లే. ఇంట పనిచేయు పేదపిల్ల యెదుటను, క్రొత్తగా వచ్చిన కోడలి యెదుటను పెద్దతనము గలవారి సంగతియు నింతియే. మన బలమును కట్టునది యేది? మనలో లోపముండుటయా? ఎవరైన పెద్దలు వచ్చి ఆపుదురను భయమా? లేక మనస్సేనా? మూడవదియే యని యందఱము చెప్పుదుము. కాని జాడీ పగిలిన ఘడియలో మా మూడవ కట్టు నిలువలేదు.

ఆ కథ చూచిన మఱునాడు మేము కూతురిని దగ్గఱకు దీసికొని, ఆనాడు చేసినది తప్పని చెప్పితిమి. పెద్దవారు పిల్లలకు తప్పు చెప్పుకొనుట మా పుట్టింట లేని వాడుక. మాట గొంతులో తట్టుకొన్నది. అది చాలసేపు నేలచూపు చూచి, "జాడీ ఇంకొకటి కొందమా" అని యడిగినది. కొంటిమి. క్రొత్తజాడీని ఇప్పుడు అటుకమీద పెట్టుట లేదు, దానికందునట్లు క్రింది అరలోనే పెట్టుచున్నాము.

సోదరీమణులారా! ఈ కథలన్నియు మంచివని మేము చెప్పుట లేదు. పేలుళ్లతో కాలము పుచ్చునవి, భయపెట్టుటకే భయపెట్టునవి చాల గలవు; అట్టివానిని పిల్లలకు చూపనక్కఱలేదు. మంచివానిని ఎన్నుకొని, వారిని ఒంటరిగా విడువక, ప్రక్కన గూర్చుండి చూడుడు. కథ ముగిసినపిమ్మట, వాడెంత బలవంతుడని పిల్ల లడుగుదురు. అది వారి ప్రశ్న. "వాని నాపిన దేమి?" అని మనము మఱల అడుగవలయును. వారి జవాబు వినుడు. మన జవాబు మాత్రము వారు మాటలలో వినరు. మనకు కోపము వచ్చిన దినమున చూచి తెలిసికొందురు.